ఏ సంఘంలో చేరితే ఏ ఇంటికి మేలు: విజయవాడ, గుంటూరు కతోలిక గృహస్థులకు ఒక పోలిక

"సేవ చేయాలని ఉంది, ఎందులో చేరమంటారు?" అని అడిగేవాళ్లకు మన విచారణల్లో, అంటే ఒక్కో గుడి పరిధిలో, దొరికే జవాబు దాదాపు ఒకటే. "ఏదో ఒకదాంట్లో చేరండి, అన్నీ దేవుడి పనులేగా." మాట మంచిదే, సలహాగా మాత్రం పనికిరాదు. ఉత్సాహంగా చేరి రెండు మూడు నెలలకే కనిపించకుండా పోయినవాళ్లలో ఎక్కువమంది ఈ సలహా విని చేరినవాళ్లే.

పైకి చూస్తే సంఘాలన్నీ ఒకేలా ఉంటాయి. వారానికో మీటింగు, మొదట ప్రార్థన, చివర ప్రార్థన, మధ్యలో ఇళ్లకు వెళ్లిరావడం. అసలు తేడా డబ్బు దగ్గర వస్తుంది. ఒక ఇంటి గడప ఎక్కేటప్పుడు చేతిలో ఏమైనా పట్టుకెళ్లొచ్చా, కూడదా? మీకు ఏ సంఘం సరిపోతుందో చాలావరకు ఈ ఒక్క ప్రశ్నే తేలుస్తుంది. వెళ్లాల్సిన ఇళ్లు మూడు రకాలు: ఇల్లు గడవనివాళ్లవి, చావు జరిగినవాళ్లవి, కాపురం చెడినవాళ్లవి. మొదటి రకానికి పలికే సంఘాలు ఉన్నాయి. రెండో రకానికి మొదటి కొన్ని రోజులు అందరూ ఉంటారు. మూడో రకం ఇంటికి వెళ్లేవాళ్లు చాలా తక్కువ. నా పోలిక అంతా దీని చుట్టూనే.

సంచి పట్టుకెళ్లేవాళ్లు

సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీని మనవాళ్లు ఎస్‌వీపీ అంటారు. 1833లో పారిస్‌లో మొదలైంది. ఫ్రెడరిక్ ఓజనాంకు అప్పటికి ఇరవై ఏళ్లు, యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు. మీ మతం ఒకప్పుడు గొప్పదే, ఇప్పుడు పేదలకు మీరేం చేస్తున్నారని తోటి కుర్రాళ్లు నిలదీస్తే, స్నేహితులను వెంటబెట్టుకుని పేదల ఇళ్లకు బయల్దేరాడు. వాళ్లకు దారి చూపింది సిస్టర్ రోజలీ రాందు అనే కన్యస్త్రీ. 1863 నాటికి సొసైటీ మన దేశానికి వచ్చేసింది. 1997లో పోపు రెండో జాన్ పాల్ ఓజనాంను ధన్యజీవిగా ప్రకటించారు. ఇది ఫాదర్ల సంస్థ కాదు, మొదటినుంచీ గృహస్థులదే. ప్రెసిడెంటు, కోశాధికారి అంతా మనలాంటివాళ్లే.

విచారణలో ఉండే చిన్న గుంపును కాన్ఫరెన్స్ అంటారు. వాళ్ల మీటింగులో నాకు బాగా నచ్చేది ఒక గుడ్డ సంచి. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి తిరుగుతుంది. అందరూ పిడికిలి బిగించి లోపల పెట్టి, అక్కడ విప్పి, చెయ్యి తీసేస్తారు. ఐదొందలు వేసినవాడి చెయ్యీ, ఆ నెల జీతం రాక ఉత్త చెయ్యి పెట్టినవాడి చెయ్యీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఎవరెంత ఇచ్చారో ఎవరూ అడగరు. పుచ్చుకునేవాళ్ల విషయంలోనూ అంతే గుట్టు. ఇద్దరిద్దరుగా ఇంటికి వెళ్తారు, చూసింది మీటింగులో చెప్తారు, మీటింగు దాటి ఆ పేరు బయటికి రాకూడదు.

అందుకే, బియ్యం బస్తా పక్కన ఒక ముసలామెను నిలబెట్టి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు ఎక్కడైనా కనిపిస్తే ఆ గుంపుకు దూరంగా ఉండండి. అది వాళ్ల సొంత సంప్రదాయానికే విరుద్ధం. ఆమె మనవరాలు అదే గ్రూపులో ఉంటుందన్న ఆలోచన ఫోటో తీసినవాడికి రాదు.

మంచి కాన్ఫరెన్స్‌ను గుర్తుపట్టడం ఎలా? నెలలను బట్టి డబ్బు దాస్తుందా అని అడగండి. గుంటూరునే తీసుకుంటే, మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్ల ఇళ్లలో సీజన్లో నాలుగు డబ్బులు ఆడతాయి. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇవ్వగానే చేతి పని తగ్గుతుంది. అవి గడిచీ గడవకముందే జూన్‌లో బడులు తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు, బూట్లు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఈ లెక్క తెలిసినవాళ్లు క్రిస్మస్‌కు చీరలు పంచి చేతులు దులుపుకోరు, జూన్‌కు కొంత మిగులుస్తారు.

ఎస్‌వీపీలో కష్టం ఇవ్వడం కాదు, "ఈ నెల కుదరదమ్మా" అని చెప్పడం. పది ఇళ్లు అడిగితే మూడిళ్లకే సరిపోతుంది. అలా చెప్పలేక జేబులోంచి తీసి ఇచ్చేవాళ్లు ఏడాది తిరక్కుండా అలసిపోతారు. లెక్క రాయగలిగినవాళ్లు, కాదని చెప్పినా ముఖం చాటేయకుండా మళ్లీ వారం అదే ఇంటికి వెళ్లగలిగినవాళ్లు ఇందులో బాగా కుదురుకుంటారు.

ఉత్త చేతులతో వెళ్లేవాళ్లు

లీజన్ ఆఫ్ మేరీ 1921 సెప్టెంబర్ 7న డబ్లిన్‌లో పుట్టింది. స్థాపకుడు ఫ్రాంక్ డఫ్ ప్రభుత్వ ఉద్యోగి, ఆ వాసన సంఘం నిబంధనల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. వారం వారం మీటింగు తప్పనిసరి. మరియమాత స్వరూపం ముందు జపమాల, కిందటి వారం మినిట్స్, అప్పగించిన పని, చేసిన పని మీద రిపోర్టు. వారానికి దాదాపు రెండు గంటల పని ఉండాలి, అదీ ఇద్దరు కలిసి. మూడు నెలలు పరిశీలనలో ఉన్నాకే ప్రమాణం చేయిస్తారు. సచివాలయంలోనో, బ్యాంకులోనో పనిచేసి రిటైరైనవాళ్లు ఇక్కడ చేపకు నీళ్లు దొరికినట్టు ఇమిడిపోవడం చూస్తుంటాం. పద్ధతులంటే విసుగుపడేవాళ్లకు మాత్రం రెండో మీటింగుకే నీరసం వస్తుంది.

ఈ సంఘంలో ముఖ్యమైన నియమం: వస్తు సహాయం చేయకూడదు. బియ్యం ఇవ్వరు, డబ్బు ఇవ్వరు. మొదటిసారి వింటే "ఆకలితో ఉన్నవాడికి జపమాల ఇస్తారా" అని కోపం వస్తుంది. కానీ ఒకసారి ఆలోచించండి. చేతిలో సంచి ఉంటే తలుపు సంచి కోసం తెరుచుకుంటుంది. మాట సంచి చుట్టూనే తిరుగుతుంది. పైగా, బ్రాడీపేటలో సొంత ఇల్లున్న రిటైర్డ్ టీచరు భార్య పోయి ఒంటరిగా ఉన్నాడనుకోండి, ఆయన గడప ముందు పప్పు ప్యాకెట్‌తో నిలబడితే అవమానపడతాడు. ఆయనకు కావాల్సింది అరగంట కూర్చునే మనిషి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) వార్డుల్లో చుట్టాలు రాని రోగి దగ్గర కూర్చోవడానికీ ఉత్త చేతులే నయం. ఒకరికి పండ్లు ఇస్తే పక్క మంచం చూస్తుంది.

నిజంగా ఆకలి ఉన్న ఇల్లు ఎదురైతే లీజన్ సభ్యులు ఆ సంగతి ఎస్‌వీపీకో, ఫాదర్ గారికో చేరవేయాలి. రెండు సంఘాలూ మాట్లాడుకునే విచారణలో ఇది చక్కగా సాగుతుంది. మాట్లాడుకోని చోట ఆ ఇల్లు మధ్యలో పడిపోతుంది. చేరేముందు ఇదొక్కటి కనుక్కోండి.

కాళ్లు నొప్పులు, ఇంట్లో మంచాన పడిన అత్తగారు, నైట్ డ్యూటీలు ఉన్నవాళ్లు సహాయక సభ్యులుగా రోజూ జపమాల, లీజన్ ప్రార్థనలు చెప్పుకుంటే చాలు. మీటింగు ఉండదు.

చావు ఇంటికి ఎవరు నయం

మొదటి రోజుల్లో ఏ పెద్ద సంఘమూ విచారణలోని మహిళా సంఘానికి సాటిరాదు. షామియానా, కుర్చీలు, కాఫీలు, వచ్చినవాళ్లకు భోజనం, సాయంత్రం జపమాల, సమాధి స్థలం గురించి ఉపదేశి గారితో మాట్లాడటం, ఇవన్నీ ఎవరూ అప్పగించకుండానే చేసేస్తారు. జ్ఞాపకార్థ పూజ అయ్యేదాకా ఇంటినిండా మనుషులే. ఆ తర్వాతే ఎవరూ రారు.

ఒక ఇల్లు తలుచుకుందాం. సింగ్ నగర్‌లో ఆటో నడిపే మనిషి పోయాడు. ఖాకీ చొక్కా ఇంకా మేకుకే వేలాడుతోంది. దాన్ని ఉతకాలో, ఎవరికైనా ఇవ్వాలో ఆమెకు తెలియదు. ఫైనాన్సువాళ్లు ఫోన్ చేస్తుంటే ఎత్తడానికి భయం. పెద్దవాడు ఇంటర్. ఈ ఇంటికి వెళ్లి "దేవుడి చిత్తం, ధైర్యంగా ఉండమ్మా" అని లేచి వచ్చేస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు. "అన్నం తిన్నావా?" అని అడగండి. చనిపోయినాయన పేరు మీ నోటితో పలకండి, ఆయన గురించి ఏదైనా అడగండి. చుట్టాలు ఆమె ఏడుస్తుందని ఆ పేరే ఎత్తడం మానేసి ఉంటారు. చొక్కా సంగతి ఆమె ఎత్తేదాకా మీరు ఎత్తొద్దు.

తర్వాత కాగితాలు. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, దాటితే ఆలస్య రుసుము, అదనపు అనుమతులు. ఆ సర్టిఫికెట్ లేకుండా బ్యాంకు ఖాతా కదలదు, ఇన్సూరెన్సు కదలదు, నెలకు 4,000 రూపాయల ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛనుకు దరఖాస్తూ కదలదు. కులధ్రువీకరణ దగ్గర మనవాళ్లకు ఇంకో చిక్కు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తాయి. పిల్లల ఫీజుల దరఖాస్తులో ఒక కాగితం ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉంటే ఆగిపోతుంది. వార్డు సచివాలయానికి ఆమెతో పాటు వెళ్లి క్యూలో నిలబడే మనిషి దొరికితే అదే పెద్ద సాయం. ఈ పనికి ఎస్‌వీపీవాళ్లు నయం, వాళ్లకు ఆఫీసుల చుట్టూ తిరిగే అలవాటు ఉంటుంది.

ఆత్మహత్య జరిగిన ఇంటికైతే మొదటి రోజునుంచే జనం పల్చగా వస్తారు. "పూజ పెట్టరట కదా" అని గుసగుసలాడేవాళ్లు ఇంకా ఉన్నారు. 1983 నాటి తిరుసభ (కతోలిక చర్చి) చట్టంలో అంత్యక్రియలు నిరాకరించాల్సినవాళ్ల జాబితాలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లు లేరు. తిరుసభ బోధనల గ్రంథమైన 1992 సత్యోపదేశం వాళ్ల రక్షణ గురించి నిరాశ చెందకూడదనీ, తిరుసభ వాళ్లకోసం ప్రార్థిస్తుందనీ చెబుతుంది. సందర్శనకు వెళ్లేవాళ్లకు ఇది తెలిసి ఉండాలి. ఆ ఇంట్లో మిగిలినవాళ్లలో ఎవరి తీరైనా ఆందోళనగా అనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు మీరే పక్కన కూర్చుని ఫోన్ చేయించండి.

మృతులను తలుచుకునే నవంబర్ 2న మొదటిసారి సమాధి దగ్గరికి వెళ్లే రోజు బరువుగా ఉంటుంది. ఆ రోజు తోడు వెళ్లడానికి ఏ సంఘమూ అక్కర్లేదు.

కాపురం చెడిన ఇల్లు

ఇక్కడ పోల్చడానికి సంఘాలు పెద్దగా లేవు. అమెరికాలో 1974లో మొదలైన బిగినింగ్ ఎక్స్‌పీరియన్స్ లాంటి కార్యక్రమాలు జీవిత భాగస్వామిని కోల్పోయినవాళ్లనీ, విడిపోయినవాళ్లనీ ఒకచోట కూర్చోబెడతాయి. మన మహిళా సంఘాల్లో విడాకులైన అమ్మాయి కూర్చుంటే ముందు మాట ఆగుతుంది, తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. "ఇప్పుడు ఎక్కడుంటున్నావమ్మా?" అన్న ప్రశ్నలో అడిగేవాళ్లకు తప్పు కనిపించదు, ఆమెకు మాత్రం గుచ్చుకుంటుంది. చివరికి ఆమె పొద్దున్నే మొదటి పూజకు వచ్చి, ఎవరూ పలకరించకముందే వెళ్లిపోవడం నేర్చుకుంటుంది.

కాబట్టి ఇక్కడ పోలిక సంఘాల మధ్య కాదు, దారుల మధ్య. సాయం చేయాలనుకునేవాళ్లు వాటిని కలగాపులగం చేయకుండా ఉంటే అదే మేలు.

మొదటిది పూజలో అందుకునే సత్ప్రసాదం. విడాకులైనంత మాత్రాన దివ్య సత్ప్రసాదం తీసుకోకూడదన్న నియమం లేదు. మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నవాళ్లకు దివ్య సంస్కారాలకు అడ్డు లేదని రెండో జాన్ పాల్ 1981లోనే స్పష్టంగా రాశారు. ఈ ఒక్క సంగతి తెలియక ఏళ్లతరబడి వెనక బెంచీలో కూర్చునేవాళ్లు ఉంటారు. తిరుసభ తీర్పు లేకుండా రెండో పెళ్లి చేసుకున్నవాళ్ల పరిస్థితి వేరు. దాన్ని 2016లో పోపు ఫ్రాన్సిస్ చెప్పినట్టు ఫాదర్ గారితో కూర్చుని విడిగా చూసుకోవాలి, గుడి మెట్ల మీద మనం తేల్చేది కాదు.

రెండోది తిరుసభ న్యాయస్థానం. పెళ్లినాడే వివాహానికి కావాల్సిన షరతులు లోపించాయా అని మేత్రాసన (బిషప్ గారి పరిధి) ట్రిబ్యునల్ విచారిస్తుంది. లోపించాయని తేలితే ఆ వివాహం చెల్లలేదని తీర్పు ఇస్తుంది. 2015లో పోపు ఫ్రాన్సిస్ ఈ పద్ధతిని సులువు చేశారు. అంతకుముందు తప్పనిసరిగా ఉండే రెండో ధ్రువీకరణ తీర్పును తీసేశారు, సాధ్యమైనంతవరకు ఉచితంగా జరగాలన్నారు. తల్లులు అడిగే మొదటి ప్రశ్న "నా పిల్లలు అక్రమ సంతానం అయిపోతారా?" కారు. అమ్మానాన్నల్లో ఒకరైనా నిజమైన పెళ్లే అనుకుని చేసుకుంటే పిల్లలు సక్రమ సంతానమేనని తిరుసభ చట్టమే చెబుతుంది.

మూడోది ఫ్యామిలీ కోర్టు. తిరుసభ ఇచ్చిన తీర్పు ప్రభుత్వ లెక్కలో విడాకులు కాదు. సుప్రీంకోర్టు 2017లో ఇంకోసారి అదే చెప్పింది. తిరుసభ తీర్పు ఒక్కటే పట్టుకుని ఇంకో పెళ్లి చేసుకుంటే ద్విభార్యత్వం కేసు మెడకు చుట్టుకోవచ్చు. క్రైస్తవులకు వర్తించేది 1869 నాటి విడాకుల చట్టం. 2001 సవరణతో పరస్పర అంగీకార విడాకులు వచ్చాయి. చట్టంలో రెండేళ్లు విడిగా ఉండాలని ఉంది. కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదిగా చదవాలంది. మన దగ్గర ఏది నడుస్తుందో లాయరే చెప్పాలి. లాయరుకు డబ్బు లేదంటే 1987 న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు.

మనవాళ్లకు బాగా అలవాటైన నాలుగో దారి ఉంది: పెద్దమనుషుల రాజీ. మాటా మాటా పెరిగి విడిపోయినవాళ్ల మధ్య అది కొన్నిసార్లు పనిచేస్తుంది. కొట్టే ఇంటికి మాత్రం ఆ దారి చూపించొద్దు. "సిలువ మోయాలమ్మా" అని ఆమెను మళ్లీ అదే ఇంటికి పంపడానికి తిరుసభ పేరు వాడుకోవద్దు. ప్రాణానికో, పిల్లలకో పెద్ద ప్రమాదం ఉంటే విడిగా ఉండొచ్చని, ఆలస్యం చేస్తే ముప్పు అయితే ఎవరి అనుమతీ లేకుండానే బయటికి రావొచ్చని తిరుసభ చట్టంలోనే ఉంది. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమె ఫోన్లో వేరే పేరుతో సేవ్ చేసి పెట్టండి.

విడాకులైన మగవాళ్లను ఇంకా తక్కువమంది పట్టించుకుంటారు. అద్దె గది, మెస్ భోజనం, వారానికోసారి పిల్లల్ని చూడటం. వాళ్లకోసం ఎస్‌వీపీలోని మగ సభ్యులు ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు. ఒంటరి ఆడవాళ్ల ఇళ్లకు మగవాళ్లు ఒంటరిగా వెళ్లకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇళ్లకు వెళ్లలేనివాళ్లు

కొందరికి పరాయి ఇంట్లో కూర్చుని మాట్లాడాలంటేనే టెన్షన్. వాళ్లకు విజయవాడలో మదర్ తెరీసా సిస్టర్ల నిర్మల హృదయ్ భవన్ లాంటి చోట్లు సరిపోతాయి. అన్నం తినిపించడం, బట్టలు ఆరేయడం, గోళ్లు తీయడం, మాటలు అక్కర్లేని పనులు. వీధి పిల్లల మీద మనసున్నవాళ్లకు సలేషియన్ ఫాదర్ల నవజీవన్ బాలభవన్ ఉంది. ముందు అనుమతి అడిగి వెళ్లాలి, పిల్లల ఫోటోలు తీయకూడదు.

సమయం లేదు, డబ్బు మాత్రం ఇవ్వగలమంటే మేత్రాసన సామాజిక సేవా విభాగానికి రసీదు తీసుకుని ఇవ్వండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు ఊరి మీద పడినప్పుడు లాంటి సమయాల్లో కాన్ఫరెన్స్ గుడ్డ సంచి ఎక్కడికీ చాలదు. పడవలు, గోడౌన్లు, జాబితాలు ఉన్న వ్యవస్థే కావాలి. నీళ్లు దిగాక తడిసిన రేషన్ కార్డు పట్టుకుని కూర్చున్న ఇంటికి వెళ్లడానికి మళ్లీ ఇద్దరు మనుషులే కావాలి.

నన్నడిగితే

లెక్కలు, కాగితాలు, ఆఫీసులు అలవాటైనవాళ్లు ఎస్‌వీపీకి వెళ్లండి. కూర్చుని వినగలిగి, వారం తప్పకుండా రాగలిగినవాళ్లు లీజన్‌కు. ఈ రెండిట్లో పెద్ద వయసువాళ్లు ఎక్కువ కనిపిస్తారని కుర్రాళ్లు వెనకాడుతుంటారు. ఓజనాం వయసు గుర్తు చేయండి. మహిళా సంఘంలో ఇప్పటికే ఉన్నవాళ్లు వేరే ఎక్కడా చేరక్కర్లేదు. జ్ఞాపకార్థ పూజ తర్వాత మూడు నెలలపాటు ఆ ఇంటికి ఎవరు వెళ్తారో ఇద్దరి పేర్లు మీటింగులో రాసుకుంటే చాలు.

రహస్యం దాచగలిగే స్వభావం మీదైతే, కాపురం చెడినవాళ్ల వైపు వెళ్లండి. సంఘం పేరు, బ్యానరు అక్కర్లేదు. ఫాదర్ గారికి ఒకమాట చెప్పి, ట్రిబ్యునల్ ఎక్కడో, ఉచిత న్యాయ సహాయం ఎక్కడో తెలుసుకుని, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు సిద్ధంగా ఉంటే చాలు. ఆదివారం పూజలో ఆ అమ్మాయి పక్కన వెళ్లి కూర్చోవడంతో మొదలుపెట్టొచ్చు, ఏమీ అడగకుండా.

చేరేముందు ఒక మీటింగుకు ఊరికే వచ్చి కూర్చుంటానని అడగండి. గంటన్నర మీటింగులో గంట జూబిలీ ఫ్లెక్సీ గురించీ, వేదిక మీద ఎవరు కూర్చోవాలన్నదాని గురించీ నడిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఫలానా ఇంట్లో పిల్లాడు బడి మానేశాడట, ఎవరు వెళ్తారు అన్న మాట వినిపిస్తే ఉండండి.

మీ ఇంట్లోనే ఈమధ్య చావు జరిగి ఉంటే, ఆ బాధతోనే చావు ఇళ్లకు వెళ్లాలనిపిస్తుంది. ఏడాది ఆగండి. అక్కడ వాళ్ల కథ వినలేరు, మీది చెప్పుకుంటారు. ఈలోపు ఎస్‌వీపీలో బియ్యం తూచి సంచుల్లో కట్టే పని ఉంటుంది, దానికి ఎప్పుడూ మనుషులు చాలరు.